కుష్టు పోయిందన్నారు కదా, మరి మా తమ్ముడికి ఎలా వచ్చింది?

వేసవివాన అడుగుతున్నారు:

అందరికీ నమస్కారం. ఈ నాలుగు వాక్యాలు రాయడానికి నాలుగు రోజులు పట్టింది. రాయడం, చెరిపేయడం. ఇంట్లో వాళ్లతో ఈ మాట ఎత్తలేకపోతున్నాను, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

మా తమ్ముడికి 26 ఏళ్లు. లేత్ మిషన్ మీద పని. ఏడాదిన్నర కిందట ఎడమ ముంజేతి మీద పాలిపోయినట్టు ఒక మచ్చ కనిపించింది. దురద లేదు, మంట లేదు. తామరేమోనని ఒక డాక్టరు ఆయింట్‌మెంట్ రాశారు. రెండు ట్యూబులు అయిపోయినా తగ్గలేదు. నొప్పి లేదు కదా అని వాడూ వదిలేశాడు, మేమూ వదిలేశాం. పోయిన నెల మిషన్ మీద తెగిపడే వేడి ఇనప తీగ ఆ చేతికి అంటుకుని పెద్ద పొక్కు లేచింది. వాడికి తెలియలేదు! పక్కన పనిచేసే అబ్బాయి "చెయ్యి కాలుతోంది రా" అని అరిస్తే అప్పుడు చూసుకున్నాడట. ఆ చేతి చిటికెన వేలు కూడా రెండు మూడు వారాలుగా కొంచెం వంగి ఉంటోంది, చాపమంటే పూర్తిగా చాపలేకపోతున్నాడు.

ఈసారి వేరే డాక్టరుకు చూపించాం. చొక్కా విప్పించి చూస్తే వీపు మీద ఇంకో అయిదు మచ్చలున్నాయి. పెన్ను మొనతో ముట్టుకుంటూ కళ్లు మూసుకుని చెప్పమన్నారు. వాడు ఒక్కదానికీ చెప్పలేకపోయాడు. అప్పుడన్నారు, కుష్టు వ్యాధి అని. ఎండీటీ అని, కొన్ని మందులు కలిపి ఇచ్చే వైద్యం 12 నెలలు వాడాలట, ఉచితంగా ఇస్తారట. మొదటి ప్యాకెట్ తెచ్చుకున్నాం. చిటికెన వేలు సంగతి మాత్రం ఆ రోజు కంగారులో అడగనే లేదు.

ఈ జబ్బు దేశంలో ఎప్పుడో పోయిందని కదా చదువుకున్నాం? మా ఇంట్లో గాని, చుట్టాల్లో గాని ఎవరికీ లేదు, మరి వాడికెక్కడి నుంచి వచ్చింది? మా పాపకు నాలుగేళ్లు. మామయ్య ఒళ్లోంచి దిగదు. దాన్ని దూరం పెట్టాలా? అమ్మ ఇప్పటికే వాడి పక్క, తువ్వాలు వేరు చేసింది. వాడు ఏమీ అనలేదు, ముడుచుకుపోయాడు. వేళ్లు ఊడిపోతాయంటారే, అది తలుచుకుంటేనే నిద్ర పట్టడం లేదు. తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

పాతరిజిస్టరు జవాబు:

అమ్మా, నేను కుష్టు విభాగంలో పారామెడికల్ వర్కర్‌గా 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. మీరు అడిగినవాటికి వరసగా జవాబు చెప్పను, ముందు చిటికెన వేలు సంగతి. ఎందుకంటే దానికి గడువుంది, మిగతావాటికి లేదు.

మోచేతి వెనక, లోపలి వైపు, ఎముక పక్కన ఒక నరం పోతుంది. ఎప్పుడైనా అక్కడ గట్టిగా తగిలితే జివ్వుమని చిటికెన వేలిదాకా లాగుతుందే, అదే. ఈ సూక్ష్మజీవికి చర్మమన్నా, చర్మానికి దగ్గరగా పోయే నరాలన్నా ఇష్టం. ఒంట్లో కాస్త చల్లగా ఉండే చోట్లలోనే అది పెరుగుతుంది. అందుకే మోచేయి, మోకాలి పక్క, చీలమండ, చెవి కింద మెడ, ఈ చోట్ల నరాలు ఉబ్బుతాయి. మన ఒంట్లోని రక్షణ వ్యవస్థ దాని మీద విరుచుకుపడినప్పుడు మధ్యలో నలిగిపోయేది నరమే. దీన్ని రియాక్షన్ అంటారు. మందులు మొదలెట్టకముందు రావచ్చు, వాడుతుండగా రావచ్చు, కోర్సు అయిపోయాక కూడా రావచ్చు.

వేలు వంగడం మొదలై మూడు వారాలే అంటున్నారు. ఇది మంచి మాట. నరం దెబ్బతిని ఆరు నెలలు దాటకపోతే వాపు తగ్గించే స్టెరాయిడ్ మందు ప్రెడ్నిసలోన్‌తో బలం, స్పర్శ తిరిగొచ్చే అవకాశం బాగా ఉంటుంది. ఆలస్యమయ్యే కొద్దీ ఆ అవకాశం సన్నగిల్లుతుంది. కాబట్టి ఎల్లుండి కాదు, రేపే వెళ్లండి. "వేలు వంగుతోంది, కొత్తగా వచ్చింది" అని మీరే ముందు చెప్పండి. ఎండీటీ సూక్ష్మజీవిని చంపుతుందిగాని నరం వాపును ఆపలేదు. రెండూ రెండు వేర్వేరు వైద్యాలు. షుగరు, బీపీ, క్షయ లాంటివి చూసుకుని మోతాదు డాక్టరే నిర్ణయించాలి. మొదట ఎక్కువగా మొదలుపెట్టి వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. బాగుందని మధ్యలో సొంతంగా ఆపేయకూడదు.

ఇంట్లో మీరే ఒక పరీక్ష చేయొచ్చు. ఉంగరం వేలికీ చిటికెన వేలికీ మధ్య ఒక అట్టముక్క పెట్టి, గట్టిగా పట్టుకోమని చెప్పి మెల్లగా లాగండి. రెండు చేతులకూ చేసి చూడండి. ఎడమ చేతి నుంచి సులువుగా జారిపోతే నరం బలహీనపడిందన్నమాట. వారం వారం చేసి రాసిపెట్టుకోండి, డాక్టరుకు పనికొస్తుంది.

ఇక వేళ్లు ఊడిపోవడం. ఈ జబ్బు వేళ్లను తినేయదు. స్పర్శ లేని చేతికి కాలినా తెలియదు, కోసుకున్నా తెలియదు. ఆ పుండుకు చీము పడుతుంది, ఎముకదాకా పోతుంది, ఏళ్ల మీద వేలు కురచవుతుంది. వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ 1940ల చివరి నుంచి చేసిన పని ఈ సంగతిని తేటతెల్లం చేసింది. కొంకర్లు పోయిన చేతులకు కండరాల తాళ్లు మార్చి కట్టే ఆపరేషన్లు కూడా ఆయన అక్కడే మొదలెట్టారు. మీ తమ్ముడి పొక్కు సంగతి చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఇదే. చేతికి నొప్పి తెలిసేదాకా మిషన్ దగ్గర తోలు గ్లౌజు లేకుండా నిలబడకూడదు. రాత్రి పడుకునే ముందు చేతులు, అరికాళ్లు కళ్లతో చూసుకోవాలి. నొప్పి చేయాల్సిన కాపలా ఇప్పుడు కళ్లు చేయాలి.

మీ పాప. దూరం పెట్టొద్దు. ముట్టుకుంటే అంటుకునే జబ్బు కాదిది. ముక్కు, నోటి తుంపర్ల ద్వారా, వైద్యం అందని మనిషితో నెలల తరబడి దగ్గరగా మసలితే వచ్చే అవకాశం ఉంటుంది. నూటికి 95 మందికి పుట్టుకతోనే దీన్ని తట్టుకునే శక్తి ఉంది. ఎండీటీ మొదలయ్యాక ఇతరులకు సోకే ప్రమాదం చాలా త్వరగా పోతుంది. అంటే పక్క వేరు చేసిన ఈ రోజుల్లో మీ తమ్ముడి వల్ల ప్రమాదం ఇంతకుముందుకన్నా తక్కువే. మీ అమ్మగారికి ఇలా చెప్పి చూడండి: "ఏడాదిన్నర కలిసే ఉన్నాం, అప్పుడు లేని భయం మందు పడ్డాక ఎందుకు?" అలాగని పాపను పరీక్ష చేయించకుండా వదలొద్దు. ఇంట్లో అందరికీ ఒంటినిండా చర్మం చూపించాలి. జబ్బు లక్షణాలు, క్షయ లక్షణాలు లేవని తేలితే, రెండేళ్లు దాటిన పిల్లలకూ పెద్దలకూ రిఫాంపిసిన్ అనే మందు ఒకే ఒక్క మోతాదు ఇస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో దీన్ని సిఫారసు చేసింది. జబ్బు వచ్చే అవకాశాన్ని అది సగానికి పైగా తగ్గిస్తుంది, పూర్తిగా తీసేయదు. అందుకే తర్వాత కూడా ఏటా ఒకసారి చూపించుకోవాలి.

ఎక్కడి నుంచి వచ్చిందంటారా? అది తేలదమ్మా. ఈ సూక్ష్మజీవి ఒకటి రెండవడానికి 12 నుంచి 14 రోజులు పడుతుంది. మామూలు బాక్టీరియా చాలావాటికి అరగంట చాలు. ఇంత నిదానం కాబట్టే ఒంట్లో చేరాక బయటపడడానికి సగటున అయిదేళ్లు, ఒక్కోసారి 20 ఏళ్లు కూడా పడుతుంది. మీ తమ్ముడు బడికెళ్లే రోజుల్లో పక్క బెంచీలో ఎవరున్నారో ఇప్పుడెవరు చెప్పగలరు? 1873లో నార్వేలోని బెర్గెన్‌లో హాన్సెన్ అనే డాక్టరు దీన్ని సూక్ష్మదర్శినిలో చూశాడు. ఇన్నేళ్లయినా ప్రయోగశాలలో గాజు పళ్లెంలో దీన్ని పెంచలేకపోయాం. ఎలకల పాదాల్లో, ఆర్మడిల్లో అనే పెంకు జంతువుల్లో పెంచి చదవాల్సి వస్తోంది. టీకా తయారీ ఇంత కష్టం కావడానికి ఇదీ ఒక కారణం.

చివరగా "పోయింది కదా" అన్న మాట. దీనికి జవాబు కొంచెం పొడుగు, ఎందుకంటే ఆ పని చేసినవాళ్లలో నేనూ ఒకణ్ని.

1991లో ప్రపంచ ఆరోగ్య సభ ఒక లక్ష్యం పెట్టింది. పది వేల మందిలో ఒకరి కంటే తక్కువ మంది రోగులుంటే, ప్రజారోగ్య సమస్యగా దాన్ని తొలగించినట్టు లెక్క. మన దేశం 2005 డిసెంబరులో ఆ గీత దాటింది. తెలుగులోకి వచ్చేసరికి దీన్నీ "నిర్మూలన" అన్నాం. నిర్మూలన అంటే చెట్టును వేళ్లతో సహా పెరికేయడం. జరిగింది అది కాదు. సంఖ్య ఒక గీత కిందికి దిగింది, అంతే. మాట పెద్దది, జరిగింది చిన్నది. ఆ తేడాలోనే మీ తమ్ముడి ఏడాదిన్నర పోయింది.

ఆ సంఖ్య ఎలా తయారవుతుందో కూడా చెబుతాను. ఫలానా రోజున రిజిస్టరులో మందులు వాడుతున్నవాళ్లు ఎంతమంది అన్నదే లెక్క. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మచ్చలెక్కువున్న రోగికి 24 నెలల కోర్సు. 1990ల చివర దాన్ని 12 నెలలు చేశారు. వైద్యపరంగా అది సరైన నిర్ణయమే, రోగికి మేలే. కానీ ఆ మరుసటి ఏడు నా రిజిస్టరులో పేర్లు సగం తగ్గాయి. నా ఊళ్లలో కొత్త రోగులు మాత్రం తగ్గలేదు. వంకర తిరిగిన చెయ్యి అలాగే ఉన్నా, కోర్సు పూర్తయితే ఆ మనిషి పేరు మీద ఎర్ర సిరాతో గీత కొట్టేవాణ్ని. ఆ మనిషి ఆ లెక్కలో ఇక లేనట్టే.

ఇది చెప్పి సాధించినదాన్ని తక్కువ చేయడం లేదు. ప్రపంచమంతా కలిపి 1985లో 50 లక్షలకు పైగా రోగులు నమోదై ఉండేవారు. ఎండీటీయే లేకపోతే ఈ దేశంలో ఎన్ని లక్షల చేతులు వంకర తిరిగేవో! నా చేత్తో మందులిచ్చిన పిల్లలు ఇవాళ పిల్లల తండ్రులయ్యారు, చెయ్యి చూస్తే జబ్బు వచ్చిందని ఎవరూ చెప్పలేరు. అయితే కొత్తగా పుట్టుకొచ్చే కేసుల మాట చూడండి. 2023లో ప్రపంచంలో కొత్తగా బయటపడ్డవాళ్లు 1,82,815 మంది. సగానికి పైగా మన దేశంలోనే, తర్వాత బ్రెజిల్, ఇండోనేషియా. ప్రపంచం మొత్తం మీద ఆ కొత్త రోగుల్లో పది వేలకు పైగా పిల్లలు. పిల్లల్లో కనిపించిందంటే జబ్బు ఇప్పటికీ పాకుతోందనే అర్థం. ఇంకో తొమ్మిది వేలకు పైగా మంది కంటికి కనిపించే వైకల్యం వచ్చాకే పట్టుబడ్డారు. కోవిడ్ వచ్చిన 2020లో ప్రపంచంలో కొత్త కేసులు 2 లక్షల పైనుంచి 1.27 లక్షలకు పడిపోయాయి. జబ్బు తగ్గలేదు, వెతికేవాళ్లు బయటికి రాలేదు. ఈ జబ్బు విషయంలో తక్కువ సంఖ్య చూసి సంతోషించే ముందు, అసలు ఎవరైనా చొక్కా విప్పించి చూశారా అని అడగాలి.

మా పని మామూలు ఆరోగ్య కేంద్రాల్లో కలిపేశారు. కలపడం మంచిదే, ప్రత్యేక ఆసుపత్రి గడప తొక్కాలంటే జనం భయపడేవారు. కానీ మచ్చ మీద పెన్ను మొన పెట్టి చూడడం, మోచేతి వెనక నరాన్ని రెండు వేళ్లతో తడిమి లావు పోల్చడం, ఇవి చేసి చేసి రావాల్సిన విద్యలు. మేం రిటైరయ్యాం, మా వెనక వాటిని అంత ఓపిగ్గా నేర్పినవాళ్లు తక్కువ. మీ మొదటి డాక్టరు మీద కోపం వద్దని నేను చెప్పను. ఆయన చదువుకునే రోజుల్లో ఈ పాఠాన్ని చరిత్రగా చెప్పి ఉంటారు, అదీ నిజమే.

అరికాలిఅద్దం జవాబు:

అక్కా, నాకు ఈ జబ్బు 1996లో వచ్చింది, నాకప్పుడు 19. పైన పెద్దాయన చెప్పిన 24 నెలల కోర్సు వాడినవాణ్ని. ఆయన చెప్పనివి రెండు మూడు చెబుతాను, మీ తమ్ముడికి చదివి వినిపించండి.

నెలకోసారి వేసుకునే మాత్ర తర్వాత మూత్రం ఎర్రగా వస్తుంది. నేను రక్తమనుకుని హడలిపోయాను. అది మందు రంగు, మరుసటి రోజుకు పోతుంది. ఇంకో మందు వల్ల ఒళ్లు నల్లబడుతుంది, మచ్చలు మరీ ముదురుతాయి. ఇది ముందే చెప్పకపోతే మనిషి మందు మానేస్తాడు. నేను రెండు నెలలు మానేశాను, "ఏంటి ఇలా నల్లబడ్డావు" అని ఎదురైన ప్రతివాడూ అడుగుతుంటే తట్టుకోలేక. కోర్సు అయ్యాక మెల్లమెల్లగా, ఏడాది పైనే పట్టింది, నా రంగు నాకు వచ్చింది. మాత్రలు వాడుతుండగా జ్వరంతో ఒళ్లంతా దద్దురు వచ్చినా, కళ్లు పచ్చబడినా మాత్రం అది వేరే సంగతి, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

నాకు ఎడమ అరికాలికి స్పర్శ పోయింది, తిరిగి రాలేదు. ఒకసారి చెప్పులో మేకు దిగి సాయంత్రం దాకా దాని మీదే నడిచాను. సాక్సు తడిగా ఉందేమిటని చూస్తే రక్తం. అప్పటి నుంచి రోజూ పది నిమిషాలు కాళ్లు నీళ్లలో నానబెట్టి, గట్టిపడ్డ చర్మం రుద్ది, నూనె రాసి, చేతి అద్దంతో అరికాలు చూసుకుంటాను. ఎంసీఆర్ అనే మెత్తటి రబ్బరు చెప్పులు వాడతాను. 20 ఏళ్లుగా ఒక్క పుండు లేదు.

మీ అమ్మగారు తువ్వాలు వేరు చేశారన్న చోట నా గుండె ఆగినంత పనయింది. మా ఇంట్లోనూ అదే జరిగింది. జబ్బు పేరు కూడా పలికేవారు కాదు, "పెద్దరోగం" అనేవారు, అదీ గొంతు తగ్గించి. నన్ను బయటకు పొమ్మని ఎవరూ అనలేదు. నేనే ఒక్కొక్క చోటు నుంచి తప్పుకుంటూ వచ్చాను. మందు రెండేళ్లలో పని చేసింది, ఆ తప్పుకునే అలవాటు పోవడానికి పదేళ్లు పట్టింది. పెళ్లికి ముందు నా భార్యకు అన్నీ చెప్పాను. చెప్పేటప్పుడు నా భయం ఏమిటో తెలుసా? కుష్టు అనే కారణంతో విడాకులు అడిగే వీలు అప్పటి చట్టంలో ఉండేది. 2019లో గాని దాన్ని తీసేయలేదు. రోగులను బంధించి ఉంచమన్న 1898 నాటి చట్టాన్ని రద్దు చేసింది 2016లో. నయమయ్యే మందు చేతికొచ్చాక ఇన్నేళ్లు!

తమ్ముడి పక్కన కూర్చోండి అక్కా. మాట్లాడకపోయినా ఫరవాలేదు, అదే మంచం మీద కూర్చోండి.

కొత్తసభ్యుడు జవాబు:

ఇదంతా చదివాక నా వీపు చూసుకున్నాను, భుజం కింద ఒక తెల్ల మచ్చ ఉంది. ఇప్పుడు భయంగా ఉంది. ప్రతి తెల్ల మచ్చా ఇదేనా?

పాతరిజిస్టరు జవాబు:

కాదు బాబూ. పాలలా తెల్లగా, అంచులు స్పష్టంగా ఉండి స్పర్శ బాగా ఉంటే అది బొల్లి కావచ్చు. అది అంటువ్యాధి కాదు. దురద, పొట్టు ఉంటే తామర లాంటివి. కుష్టు మచ్చ చుట్టూ ఉన్న చర్మం కంటే పాలిపోయి గాని, కొంచెం ఎరుపుగా, రాగి రంగులో గాని ఉంటుంది. దాని మీద చెమట పట్టదు, వెంట్రుకలు పలచబడతాయి. అసలు గుర్తు స్పర్శ తగ్గడం. మీరు కళ్లు మూసుకోండి, ఇంట్లో ఒకరిని దూది కొసతో ఒకసారి మచ్చ మీద, ఒకసారి పక్కన మామూలు చర్మం మీద ముట్టుకోమనండి. ముట్టుకున్న చోటును వేలితో చూపించాలి. అన్నీ సరిగ్గా చూపిస్తే చాలావరకు నిశ్చింత, అయినా మచ్చ పెరిగితే డాక్టరుకు చూపించండి. కొన్ని రకాల్లో మొదట్లో స్పర్శ పోదు కూడా, ఒళ్లు నున్నగా మెరుస్తూ చెవి తమ్మెలు దళసరిగా అవుతాయి. అందుకని నా మాట ఆఖరిమాటగా తీసుకోకండి.

వేసవివాన జవాబు (తొమ్మిది రోజుల తర్వాత):

మీ ఇద్దరికీ ఎలా చెప్పాలో తెలియడం లేదు. మర్నాడు పొద్దున్నే వెళ్లాం. అట్టముక్క పరీక్ష ముందు రాత్రే చేశాను, ఎడమ చేతి నుంచి అట్టే లాగకుండానే జారిపోయింది. ఆ మాట చెప్పగానే డాక్టరుగారు మోచేతి వెనక తడిమి "నరం ఉబ్బింది, ఇక ఆలస్యం చేయకూడదు" అని అదే రోజు ప్రెడ్నిసలోన్ మొదలెట్టారు. చెయ్యి కదలకుండా కట్టు కూడా ఇచ్చారు. నిన్న మళ్లీ అట్టముక్క పెట్టాను. జారింది, కాని ఈసారి కాస్త ఆగి జారింది. నిజంగానే ఆగిందా, నా ఆశేనా అని ఇంకో మూడుసార్లు చేశాను.

పాపకు, మా అందరికీ పరీక్ష చేశారు, ఎవరికీ ఏమీ లేదు. ఒక మోతాదు మందు వేశారు. అమ్మ వేసుకోనంది. "నాకెందుకు, నేను దూరంగానే ఉంటున్నాగా" అంది. పెద్దాయన రాసిన "అప్పుడు లేని భయం" వాక్యం చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మాత్ర వేసుకుంది. తువ్వాలు ఇంకా వేరుగానే ఉంది. పక్క మాత్రం లోపలి గదిలోకి వచ్చింది.

తమ్ముడు అరికాలిఅద్దం గారు రాసింది తనే ఫోన్ తీసుకుని రెండుసార్లు చదువుకున్నాడు. వాడొకటి అడగమన్నాడు: మళ్లీ మిషన్ మీదికి ఎప్పుడు వెళ్లొచ్చు?

పాతరిజిస్టరు జవాబు:

జబ్బు గురించైతే ఇవాళే వెళ్లొచ్చని చెప్పమ్మా, వాడి వల్ల తోటివాళ్లకు ప్రమాదం లేదు. చేతి గురించైతే కట్టు విప్పేదాకా ఆగాలి. నరం వాచి ఉన్నప్పుడు మోచేతిని పదే పదే వంచే పని దాన్ని ఇంకా నలిపేస్తుంది. కట్టు తీశాక డాక్టరు చేతి బలం పరీక్షించి చెబుతారు. అప్పుడు కూడా గ్లౌజు లేకుండా వద్దు. మోచేయి బల్ల అంచుకు ఆనించే అలవాటుంటే ఇప్పుడే మానేయమనండి, లేదా కింద మెత్తటి గుడ్డ మడిచి పెట్టుకోమనండి. అట్టముక్క వారానికోసారి చాలు, రోజూ పెట్టి మీరు నలగకండి. తేదీ వేసి రాయండి. రెండో నెల ప్యాకెట్ తెచ్చుకున్నాక ఇక్కడ ఒక మాట రాయండి, చూస్తుంటాను.